టీవీలో పేరు మాయమైన రోజు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కలిసినప్పుడు, "మేడమ్, మీ కాలంలో వెబ్ పేజీలు చేత్తోనే రాసేవాళ్ళట గదా?" అని అడుగుతుంటారు. చేత్తోనే రాసేవాళ్ళం. కాకపోతే నేను ఆ పని మీద తొందరగానే విసిగిపోయి లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, వాడడం మొదలుపెట్టాను. ఆ లైబ్రరీ వల్ల ఒకసారి ప్రొద్దుటూరులో ఏం జరిగిందో చెప్తాను. లైబ్రరీ వల్ల అనడం కూడా సరికాదు. ప్రోగ్రాంలో ఒక్క వరస దగ్గర దాన్ని పక్కన పెట్టడం వల్ల జరిగింది.

ఈ పని తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. వెబ్ పేజీలో కనిపించే ప్రతి వస్తువుకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉంటాయి. పట్టిక మొదలైందని ఒక గుర్తు, ముగిసిందని ఇంకొకటి. ప్రతి గుర్తూ కొక్కెంలాంటి చిహ్నంతో మొదలవుతుంది. కొక్కెం కనబడితే చాలు, బ్రౌజర్ అక్కడినుంచి వచ్చేదాన్ని మాటగా చూపించదు, తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది. ఈ గుర్తులన్నీ మనం రాయకుండా, "నాకొక పట్టిక కావాలి, దాంట్లో ఈ వరసలు, ఈ గళ్ళు" అని ప్రోగ్రాంలో అడిగితే లైబ్రరీయే రాసిపెడుతుంది. తెరిచినవన్నీ మూస్తుంది. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి చేస్తుంది. మనం ఇచ్చిన మాటల్లోనే పొరపాటున కొక్కెం ఉంటే, బ్రౌజర్ దాన్ని ఆజ్ఞ అనుకోకుండా కోరలు పీకి పంపిస్తుంది. ఈ కథకు ఆ రెండో మేలే ముఖ్యం.

నాది జమ్మలమడుగు. నాన్న మిషన్ బడిలో పంతులు. మా ఇళ్ళల్లో ఆడపిల్లలు టీచరో నర్సో కావడం మామూలు. నేను కంప్యూటర్లు నేర్చుకుని కడపలో ఒక ప్రభుత్వ కంప్యూటర్ విభాగంలో చేరాను. మాది చిన్న గది. మా ఆఫీసరు గోదావరి ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, మా ప్రాంతమంటే మాత్రం చచ్చే భయం. మొదటిసారి పులివెందుల ఆఫీసులో కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, ఎదురుగా ట్రాక్టరు వచ్చిన ప్రతిసారీ జీపులో సీటు కిందికి జారిపోయాడని డ్రైవరు చెప్పి నవ్వేవాడు. "యాడ", "ఈడ" అనే మాటలు మా నోట్లోంచి రాగానే ఆయన మీసాల కింద ఒక చిరునవ్వు కదిలేది.

మా ఇంకో సహోద్యోగి ప్రొద్దుటూరు ముస్లిం. వాళ్ళ నాన్నది దర్జీ అంగడి. ఇద్దరన్నలు కువైట్‌లో ఉండేవాళ్ళు. తనూ అక్కడ కొంతకాలం పనిచేసి, వేడి తట్టుకోలేక కాదు, వాళ్ళమ్మ చేసే బిర్యానీ మీద బెంగతో వెనక్కి వచ్చానని చెప్పేవాడు. నేను భాయ్ అనేదాన్ని, అతను అక్కా అనేవాడు. తెలుగు టైపింగులో అతని వేగం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు నిజంగా తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలకు, చిహ్నాలకు తెలుగు బొమ్మలు తొడిగేవాళ్ళం. తెర మీద మనకు కనిపించేది తెలుగే, లోపల యంత్రానికి తెలిసింది ఇంగ్లీషు గందరగోళం. మేము వాడే ఫాంటులో ఒక ఒత్తును తీసుకొచ్చి సరిగ్గా ఆ కొక్కెం చిహ్నం ఉండే చోట కూర్చోబెట్టారు. ఫాంటు చేసినాయనకు అక్కడ ఖాళీ దొరికింది, అంతే. నా లైబ్రరీ ఆ కొక్కేలను శుభ్రం చేసేది గనక మాకెప్పుడూ ఆ సంగతి పట్టింపుకు రాలేదు.

స్థానిక ఎన్నికలు వచ్చాయి. అవి ముఠాల రోజులు. రెండు వర్గాలు, రెండు పార్టీలు. వర్గాలు పార్టీలకంటే పాతవి. ఒక వర్గం పార్టీ మారితే రెండో వర్గం ఖాళీ అయిన పార్టీలోకి పోయేది, కొట్లాట మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. లెక్కింపు రోజంటే ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు షట్టర్లు దించేసేవి. అంతకుముందు లెక్కింపులో లోపల ఒక అంకె చెప్తే గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకో అంకె అయ్యేది. ఆ మధ్యలోనే రాళ్ళు లేచేవి. అందుకని పెద్ద అధికారులకు ఒక ఆలోచన వచ్చింది. రౌండు అయిన వెంటనే ఫలితం వెబ్ పేజీలో పెట్టాలి, అదే పేజీని లెక్కింపు కేంద్రం బయట రెండు వైపులా పెద్ద టీవీల్లో చూపించాలి. ఒకే అంకెను ఇద్దరూ ఒకేసారి చూస్తే పుకార్లకు చోటుండదని. మంచి ఆలోచన. ఇప్పటికీ మంచిదే అంటాను.

పట్టిక మొత్తం లైబ్రరీతో నేను తయారుచేశాను. భాయ్ పేర్లు ఎక్కించాడు. నాలుగైదుసార్లు దొంగ అంకెలు వేసి చూశాం, బాగా వచ్చింది. లెక్కింపుకు ముందురోజు మా ఆఫీసరు ఉత్సాహంగా వచ్చాడు.

"ఏవండీ, పైన ఒక స్క్రోలింగు ఉంటే బాగుంటుందండీ. 'ఆధిక్యంలో ఫలానా వారు' అని అక్షరాలు అలా పరిగెడుతూ ఉండాలి. న్యూస్ చానెల్లో లాగా."

"పెడదాం సార్. దాన్నీ లైబ్రరీలోనే చేస్తాను, రేపు పొద్దున్నే వచ్చి..."

"ఒక్క లైనుకి లైబ్రరీ ఎందుకండీ? నేను రాసేశాను చూడండి." గుర్తులు తనే చేత్తో టైపు చేసి, మధ్యలో పేరు వచ్చే ఏర్పాటు చేశాడు. నడిపి చూపించాడు. పేరు కుడినుంచి ఎడమకు చక్కగా పరుగెత్తింది. చాలా రోజుల తర్వాత సొంతంగా ప్రోగ్రాం రాసిన మనిషి ముఖంలో ఉండే వెలుగు ఆయన ముఖంలో ఉంది. నేనింకేం మాట్లాడలేదు.

లెక్కింపు ఒక కాలేజీలో. మాకు ఇచ్చింది ల్యాబు గది. కిటికీలోంచి గేటు, గేటు బయట తాళ్ళు కట్టి విడదీసిన రెండు గుంపులు, మధ్యలో పోలీసులు కనిపించేవాళ్ళు. అందరి కళ్ళూ ఒకే సీటు మీద ఉన్నాయి. జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య ఊళ్ళ సీటు అది. రెండు వర్గాలూ పరువుకు తీసుకున్నాయి. పొద్దున్నుంచి ఒక వర్గం మనిషే ముందున్నాడు. స్క్రోలింగులో అతని పేరు పరుగెడుతూ ఉంది. ఆ వైపు గుంపు ఈలలు, రెండో వైపు మౌనం.

మధ్యాహ్నానికి లెక్క తిరగబడింది. కొత్తగా విప్పిన కట్టల్లో రెండో మనిషికి ఓట్లు కుప్పలుగా వచ్చాయి. అతను ముందుకొచ్చాడు. భాయ్ అంకెలు కొట్టి, "అక్కా, మారిపాయె సూడు" అన్నాడు. పేజీ మారింది.

ముందు నాకేమీ అర్థం కాలేదు. పైన "ఆధిక్యంలో" అనే మాట వచ్చింది. దాని తర్వాత పేరులో మొదటి రెండక్షరాలు వచ్చాయి. మిగతా పేరు లేదు. అది చాలదన్నట్టు కింద నిలకడగా ఉండాల్సిన పట్టిక, పేర్లతో అంకెలతో సహా లేచి, స్క్రోలింగు వెంటపడి ఎడమవైపుకు పరుగెత్తి తెరలోంచి వెళ్ళిపోయింది. టీవీ తెల్లగా మిగిలింది. కాసేపటికి కుడివైపు నుంచి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

బయట అరుపులు మొదలయ్యాయి.

"ఏయ్, పేరు తీసేసినారప్పా!"

"మావోడు ముందుకొచ్చేతలికి టీవీ తిప్పేసినారు! లోపల ఏదో జరుగుతాండాది!"

మొదటి రాయి టీవీకి కాదు, మా కిటికీకి తగిలింది. అద్దం పగిలి టేబుల్ మీద పడింది. మా ఆఫీసరు ముఖంలో నెత్తురు లేదు. "టీవీలు ఆపేయండి, వైర్లు పీకేయండి" అని లేచాడు. అప్పుడే డీఎస్పీ లోపలికి వచ్చాడు.

"వద్దు సార్," అన్నాను. "ఇప్పుడు ఆపితే మనమే తీసేసినామని ఒప్పుకున్నట్లే. ఈ పేరు యాలా పోయిందో నాకు తెలుసు."

నిజంగానే తెలుసు. ఆ పేరులో మూడో అక్షరం కింద ఆ ఒత్తు ఉంది. పట్టికలో ఉన్న పేరు లైబ్రరీ గుండా వచ్చింది గనక పొద్దున్నుంచి శుభ్రంగా కనిపిస్తూనే ఉంది. స్క్రోలింగులోకి మాత్రం నేరుగా వెళ్ళింది. కొక్కెం కనబడగానే బ్రౌజర్ దాన్ని ఆజ్ఞ అనుకుని మిగతా పేరును, దాంతోపాటు స్క్రోలింగు ఆపమని చెప్పే గుర్తును కూడా మింగేసింది. ఆపమనేవాళ్ళు లేరు గనక పట్టిక కూడా పరుగు అందుకుంది. అంతవరకూ ముందున్న మనిషి పేరులో ఆ ఒత్తు లేదు కాబట్టి పొద్దున్నుంచి ఎవరికీ తెలియలేదు.

"సరిచేయండి మరి, ఎంతసేపు?" అన్నాడు డీఎస్పీ.

"ఎంతో సేపు పట్టదు సార్. కానీ మనమే తలుపేసుకోని సరిచేస్తే ఎవరూ నమ్మరు. రెండు పక్కల ఏజెంట్లనూ ఇక్కడికి పిలిపించండి. వాళ్ళ ముందరే చేస్తా."

ఆయన నన్నొకసారి చూసి, ఏమనుకున్నాడో, బయటికి వెళ్ళాడు.

పేరు పోయిన అభ్యర్థి ఏజెంటు అరవై దగ్గరి మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఎండకు నల్లబడ్డ ముఖం. అభ్యర్థికి చిన్నాన్న కొడుకు. అతన్ని మా ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. సొంత తమ్ముణ్ణి అంతకు కొన్నేళ్ళ ముందు ముద్దనూరు దారిలో బస్సు ఆపి చంపేశారు. రెండో పక్క ఏజెంటు పులివెందులలో ప్రాక్టీసు చేసే యువ వకీలు. ఆ హత్య కేసులో ముద్దాయిల తరఫున వాదించింది ఇతని సీనియరే. కేసు కొట్టేశారు. ఆ ఇద్దరికీ మా గదిలో కూర్చోవడానికి ఉన్నది ఒకటే బెంచీ. పెద్దాయన ఈ చివర, వకీలు ఆ చివర కూర్చున్నారు.

"ఏందిమ్మా ఇది?" అన్నాడు పెద్దాయన. అరవలేదు. అరిచుంటే నాకు అంత భయం వేసేది కాదు. "పొద్దుననగా ఆయప్ప పేరు తిరుగుతాంటే టీవీ బాగుండాది. మా అన్న పేరు వచ్చేతలికి యాడికి పాయె?"

నేను చెప్పాను. ఇంగ్లీషు చిహ్నానికి తెలుగు బొమ్మ తొడిగిన సంగతి, కొక్కెం సంగతి. ఫాంటు తీసేసి పేరును ఇంగ్లీషు గందరగోళంలో చూపించాను. కొక్కేన్ని వేలితో చూపించాను. ఆయన ముందుకు వంగి చూశాడు.

"ఈ వంకరది మా అన్న పేర్లో ఒత్తా?"

"అవును మామా."

"ఈ టీవీలో తిరిగే వరస రాసింది ఎవరు?"

భాయ్ కీబోర్డు వైపు చూస్తున్నాడు. నేను తెర వైపు చూస్తున్నాను. వెనకనుంచి కుర్చీ కదిలిన చప్పుడైంది.

"నేనేనండీ రాశాను," అన్నాడు మా ఆఫీసరు. ట్రాక్టరు ఎదురొస్తే సీటు కిందికి జారే మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. "ఈవిడ వద్దన్నంత పని చేశారు. తప్పు నాదేనండీ. మీ పేరు మీద నాకే కోపమూ లేదు."

పెద్దాయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "మీది యా ఊరు సార్?"

"గోదావరి జిల్లా అండీ."

"అయితే నీకు మా కత తెలీదులే. కూసో." మళ్ళీ నావైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పేది నిజమైతే, ఆ ఒత్తు ఉండే ఇంగో పేరు కొట్టినా పోవాల గదా?"

"పోతాది మామా. ఏ పేరైనా చెప్పండి."

మా ఇళ్ళల్లో తాత పేరు మనవళ్ళందరికీ కలిపి పెట్టడం అలవాటు. వాళ్ళ ఇంట్లోనూ అంతే. ఆ ఒత్తు ఉన్నది వాళ్ళ తాత పేరులో. ఆయన ఒక పేరు చెప్పాడు. చచ్చిపోయిన తమ్ముడి పేరు.

భాయ్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. అతను నావైపు చూశాడు. "కొట్టు భాయ్," అన్నాను. మెల్లగా కొట్టాడు, అతను అంత మెల్లగా టైపు చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆఫీసరు రాసిన వరసలో ఆ పేరు పెట్టి, బయటి టీవీలకు పోకుండా మా కంప్యూటర్‌లో మాత్రమే నడిపాను. మొదటి అక్షరాలు వచ్చాయి. మిగతా పేరు రాలేదు.

పెద్దాయన తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. "సరే. ఇప్పుడు నీ పద్దతిలో తెప్పిచ్చు."

చేత్తో రాసిన వరస తీసేశాను. స్క్రోలింగు అనే వస్తువు కావాలని లైబ్రరీని అడిగి, దాని లోపల మాటగా ఆ పేరు ఇచ్చాను. నడిపాను. తమ్ముడి పేరు నిండుగా, ఒత్తుతో సహా, కుడినుంచి వచ్చి ఎడమకు వెళ్ళింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. రెండోసారి వచ్చి వెళ్ళేదాకా నేను ఆపలేదు.

బెంచీ ఆ చివర వకీలు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికి కూడా తెలిసినట్టు లేదు. మళ్ళీ కూర్చోలేదు.

"చాల్లేమ్మా," అన్నాడు పెద్దాయన. "మా అన్న పేరు పెట్టు ఇంగ. జనం కాసుకోనుండారు."

పేరు పెట్టాం. బయట టీవీల్లో పట్టిక వచ్చి కుదురుగా నిలబడింది, పైన పేరు పరుగెత్తింది. టపాకాయలు పేలాయి. ఆ చప్పుడుకు మా ఆఫీసరు కుర్చీలోంచి లేచి, టపాకాయలేనని తెలిసి కూర్చున్నాడు. భాయ్ పగిలిన అద్దం ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

నేను ఇక్కడితో ముగించగలిగితే బాగుండేది. చివరి రౌండ్లలో గాలి మళ్ళీ తిరిగింది. మొదట ముందున్న మనిషే కొద్ది ఓట్లతో గెలిచాడు. ఓడినవాళ్ళు అడిగారని మళ్ళీ లెక్కపెట్టారు. తేడా రాలేదు.

ఓడిన పక్క గుంపుకు ఇక ఆధారం దొరికింది. "మధ్యాన్నం పేరు మింగినోళ్ళు ఇప్పుడు ఓట్లు మింగినారు" అనే మాట ఒకరి నోట్లోంచి వచ్చి గుంపంతా పాకింది. తాళ్ళు తెగాయి. పోలీసులు లాఠీలు తీశారు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు, గేటు దగ్గర దుమ్ము ఎర్రగా లేచింది. నేను పగిలిన కిటికీలోంచి చూస్తున్నాను. ఆ గుంపులో కొన్ని సంచులు బరువుగా వేలాడడం కనబడింది. వాటిల్లో నాటుబాంబులుంటాయని మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అప్పుడు పెద్దాయన పోలీసు జీపు మెట్టెక్కాడు. మైకు ఎవరో ఇవ్వబోతే వద్దన్నాడు.

"అప్పా, ఇనండి! పేరు పోయినేది నిజమే. యాలా పోయిందో నేను లోపల కూసోని సూసినా. నా తమ్ముని పేరు కొట్టిచ్చి మరీ సూసినా. దాంట్లో మోసం ల్యా. ఓట్ల కట్టలు నా కండ్ల ముందరే ఎంచినారు. దాంట్లోనూ మోసం ల్యా. మనం ఓడిపోయినాం. ఇండ్లకు పోండి."

ఎవరో బూతు మాట అన్నారు. ఎవరో "ఎంతకమ్ముడుపోయినావు మామా?" అని అరిచారు. ఆయన మెట్టు దిగలేదు. గుంపు పలచబడేదాకా అక్కడే నిలబడ్డాడు. తమ్ముడి పేరు మీద చెప్పిన మాట గనక దాన్ని అబద్ధమనడానికి చాలామందికి నోరు రాలేదనుకుంటాను. ఆ రోజు ప్రొద్దుటూరులో ఎవరూ చావలేదు.

తర్వాత జరిగిన మీటింగులో "చిన్న సాంకేతిక ఇబ్బందిని సకాలంలో అధిగమించారు" అని మా విభాగాన్ని మెచ్చుకున్నారు. మా ఆఫీసరు లేచి, ఆ ఇబ్బంది తను పెట్టిందేనని అక్కడ కూడా చెప్పాడు. అందరూ సరదాకు అన్నాడనుకుని నవ్వారు. బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఆయన నాతో అన్న మాట, "నేను మీ ఊళ్ళో ఒక్కసారి భయపడకుండా నిలబడ్డానండీ, మా వాళ్ళెవరూ నమ్మట్లేదు."

పెద్దాయన్ని మళ్ళీ చూసింది చాలా కాలం తర్వాత, జమ్మలమడుగు బస్టాండులో. అమ్మను చూసి తిరిగి వెళ్తున్నాను. ఆయన ముద్దనూరు బస్సు కోసం కూర్చుని ఉన్నాడు. నేనే వెళ్ళి పలకరించాను. గుర్తుపట్టి పక్కన చోటు చూపించాడు. ఆ ఎన్నికల తర్వాత వాళ్ళ అన్న ఇంటి గడప తొక్కనివ్వలేదట. పెండ్లిళ్ళకు పిలవడం మానేశారట. ఆయన ఏ బాధా లేకుండా, పక్కింటి సంగతులు చెప్పినట్టు చెప్పాడు.

"ఆ పొద్దు మీరు చెప్పకుండా ఉండింటే మీకు ఈ తిప్పలుండవు గదా మామా," అన్నాను.

"ఉండవు." భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ గుంపులో మా తమ్ముని కొడుకుండ్య. వాని సంకన సంచి ఉండ్య. నువ్వు సూసింటావో ల్యాదో. నేను జీపెక్కినేది ఊరికోసమనుకుంటాండారు అందరూ. నేను సూస్తాండింది వాన్నే."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కువైట్‌లో లారీ తోల్తాండాడు. పెండ్లి చేసుకున్న్యాడు, బిడ్డ గూడా పుట్టింది. నాతో మాట్లాడడమ్మా. నాయన పేరు కంప్యూటర్లో ఆడిచ్చి పగోళ్ళకు సాయం చేసినానని వాని కోపం."

బస్సు వచ్చింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి నావైపు తిరిగాడు.

"మాట్లాడకుంటే పాయె. బతికుండాడు గదా."